దుడ్లు కట్టి ఆడుకోను పంపుతారా?

ప్రశ్న: నమస్తే అక్కా. మాది అనంతపురం. మా పాపకు వచ్చే జూన్‌కి నాలుగేళ్లు నిండుతాయి. బాబుకు తొమ్మిది నెలలు. నేను ఇంట్లోనే మిషన్ కుడతాను. మా ఆయన మందుల ఏజెన్సీలో పనిచేస్తాడు. పాపను నిరుడు దగ్గర్లోని ప్లే స్కూల్లో చేర్పించాం. అక్కడ పుస్తకాల్లేవు, హోమ్‌వర్క్ లేదు. మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి గౌను నిండా మట్టి. ఏం నేర్చుకున్నావమ్మా అంటే "ఆడుకున్నా" అంటుంది. మా తోడికోడలి కొడుకు దీనికన్నా రెండు నెలలు చిన్న. వాడు వేరే స్కూల్లో నర్సరీ. ఏబీసీడీలన్నీ, వన్ టు ఫిఫ్టీ రాస్తాడు. సంక్రాంతికి అందరం కలిసినప్పుడు వాడి నోట్‌బుక్కు చేతులు మారింది. మా పాపకు పెన్సిల్ పట్టుకోవడమే సరిగ్గా రాదు. మా అత్త "దుడ్లు కట్టి ఆడుకోను పంపుతారా? ఆటలు వీధిలో లేవా?" అంటోంది. మా ఆయన కూడా ఆ స్కూల్లో ఇంగ్లీష్ బాగా వస్తుందంటున్నాడు. జూన్‌లో అక్కడికే మార్చాలా? ఇంకోటి, నేను మిషన్ మీద ఉన్నప్పుడు బాబును అత్తే చూసుకుంటుంది. వాడు ఏడిస్తే ఫోన్‌లో రైమ్స్ పెడుతుంది, వద్దంటే అలుగుతుంది. వాకర్ కొనమని కూడా అంటోంది. అన్నిటికీ టెన్షన్‌గా ఉందక్కా.

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికంటే పదునైన మాట మీ అత్తగారిదే. ముప్పయ్యేళ్లు చిన్నపిల్లల తరగతుల్లో పనిచేశాను. "ఎప్పటినుంచి రాయిస్తారు మేడమ్" అని అడిగినవాళ్లు వందలమంది ఉంటారు. ఆడుకోవడానికి ఫీజు ఎందుకని ఇంత సూటిగా అడిగినవాళ్లు తక్కువ.

ఆమె చిన్నప్పుడు ఆటలు నిజంగానే వీధిలో ఉండేవి. చింతచెట్టు కింద మట్టి, గచ్చకాయలు, చంకలో తమ్ముణ్ణి వేసుకునే తొక్కుడుబిళ్ల ఆడే అక్కలు, అరుగు మీద కూర్చుని అందరి మీదా ఒక కన్నేసి ఉంచే అవ్వ. ఇప్పుడు మీ వీధిలో మట్టి ఎక్కడుంది? సిమెంటు రోడ్డు, దాని మీద బైకులు, ఆటోలు. ఆ వీధి పోయింది కాబట్టే దుడ్లు కట్టాల్సి వస్తోంది. మీరు కట్టేది ఆటకు కాదు. ఆ మట్టికి, ఆ తోటిపిల్లలకు, ఆ కన్నేసి ఉంచే మనిషికి. మీ పాప స్కూల్లో ఆ మూడూ ఉన్నాయా లేదా అన్నది తేల్చుకోవాలి. దాని సంగతి చివర్లో చెప్తాను. ముందు ఆ నోట్‌బుక్కు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక స్కూల్లో నాకు నర్సరీ ఇచ్చారు. నెలాఖరుకు తల్లిదండ్రులు వచ్చేసరికి ప్రతి పిల్లకూ నాలుగు గీతల పుస్తకం నిండి ఉండాలి. అది అక్కడి రూలు. మూడున్నరేళ్ల పిల్లలు ముప్పైఎనిమిది మంది. చుక్కలు పెట్టేదాన్ని, వాటిమీద దిద్దించేదాన్ని. దిద్దలేనివాళ్ల పిడికిలిని నా గుప్పిట్లో పెట్టుకుని నేనే రాసేదాన్ని. టైం చాలనప్పుడు పుస్తకాలు ఇంటికి మోసుకుపోయి ఎడమచేత్తో వంకర టింకరగా నింపుకొచ్చిన రోజులూ ఉన్నాయి. తల్లులు చూసి మురిసిపోయేవాళ్లు. ఆ పుస్తకాల్లో సగం రాత నాది. ఈ మాట బయటికి చెప్పడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

మీ తోడికోడలి కొడుకు పుస్తకం అలాంటిదే అని నేననను, నేను చూడలేదు. కొందరు పిల్లలకు చెయ్యి త్వరగా కుదురుతుంది. అయితే యాభై దాకా రాయడం వేరు, నాలుగంటే ఎంతో తెలియడం వేరు. వందదాకా గడగడా రాసే పిల్లాణ్ణి "నాలుగు చాక్‌పీసులు పట్టుకురా నాయనా" అంటే గుప్పెడు తెచ్చి నా ఒళ్లో పోశాడు ఒకసారి. మీరు మాత్రం ఆ పిల్లాడికి ఈ పరీక్ష పెట్టకండి, వాడేం పాపం చేశాడు.

పెన్సిల్ విషయంలో మీ పాపలో లోపమేమీ లేదు. మన మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి ఎముకలు కావు, మెత్తటి మృదులాస్థి. ఏళ్ల తరబడి ఒక్కొక్కటే గట్టిపడుతూ వస్తాయి. చివరిది గట్టిపడేది 9 నుంచి 12 ఏళ్ల మధ్య. నాలుగేళ్ల పిల్ల చేతికి ఎక్స్‌రే తీస్తే అందులో సుమారు సగమే కనిపిస్తాయి. మూడు వేళ్లతో పెన్సిల్‌ను తేలిగ్గా ఆడించే పట్టు మామూలుగా నాలుగేళ్లకు మొదలై ఆరేళ్ల దాకా కుదురుతుంది. అంతకుముందు పిడికిలితో పట్టడమే సహజం.

గీతలకూ ఒక వరస ఉంది. పిల్లలు చూసి గీయగలిగేది మూడేళ్లకు సున్నా, నాలుగేళ్లకు కూడిక గుర్తులా అడ్డం నిలువు, నాలుగున్నర నుంచి ఐదుకు చదరం, ఐదు దాటాక త్రిభుజం. ఏటవాలు గీత అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది. ఇప్పుడు ఏబీసీడీల్లో మొదటి అక్షరాన్ని గుర్తుచేసుకోండి. రెండు ఏటవాలు గీతలు, మధ్యలో ఒక అడ్డగీత. మూడేళ్ల పిల్ల చేతికి అన్నిటికంటే కష్టమైన పనిని మొదటి రోజు పాఠంగా పెడుతున్నాం. ఆ లెక్కన మన 'ర', 'ఠ'లే నయం, సున్నా వచ్చిన చేతికి సగం వచ్చినట్టే.

చెయ్యి బలం పైనుంచి కిందికి దిగుతుంది. ముందు భుజం, తర్వాత మోచెయ్యి, మణికట్టు, చివరికి వేళ్లు. అందుకే చిన్న పుస్తకంలో చిన్న గీతలకంటే ముందు పెద్ద చోట పెద్ద గీతలు కావాలి. మీ పాప గౌను నిండా ఉన్న మట్టి ఆ పనే చేస్తోంది. మట్టి పిసకడం, బకెట్ మోయడం, ఊయల తాడు గట్టిగా పట్టుకోవడం, ఇవన్నీ పెన్సిల్ పట్టుకునే ముందు చెయ్యి చేసే కసరత్తు.

దీనికి మీ ఇంటికంటే మంచి చోటు వెతికినా దొరకదు. కుట్టుమిషన్ ఉన్న ఇల్లు అది. మీరు గుడ్డ మీద గీతలు పెట్టుకునే సుద్దముక్క ఒకటి పాపకివ్వండి. నేల మీద కడప బండలుంటే అంతకంటే పెద్ద పలక ఏముంది? బోర్లా పడుకుని, పాకుతూ, చెయ్యంతా చాపి గీస్తుంది. దారం అయిపోయిన రీళ్లు పారేయకండి, పాత లేసు ఒకటిచ్చి దండ గుచ్చమనండి. కత్తిరించగా మిగిలిన పీలికల్ని రంగులవారీగా, మందం పలుచన వారీగా కుప్పలు పెట్టమనండి. టేపు ఇస్తే తలుపునీ, తాతనీ, పిల్లినీ కొలుస్తుంది. అంకెలు తప్పుగానే చదువుతుంది, చదవనివ్వండి. పెద్ద గుండీలతో లెక్కలాట కూడా బాగుంటుంది గానీ బాబు నిద్రపోయినప్పుడు మాత్రమే. ఆట అయ్యాక గుండీల డబ్బా బీరువా మీదికి పోవాలి.

ఆటలో చదువు ఎక్కడుందని అడిగేవాళ్లకు నేను చెనిక్కాయల సంగతి చెప్తాను. అనంతపురంవాళ్లకు ఆ కాయ గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఒకసారి కొత్తకాయ వచ్చినప్పుడు తరగతిలోకి ఒక జల్లెడ నిండా తెచ్చి మధ్యలో పెట్టాను. నాలుగున్నరేళ్ల ఇద్దరు ఆడపిల్లలు అంగడి పెట్టారు. ఆకులు పళ్లేలు, చిల్లపెంకులు దుడ్లు. కాసేపటికి వాళ్ల మధ్య ఏడు కాయలు మిగిలాయి. నీకొకటి నాకొకటి అని పంచుకున్నారు, ఒకటి మిగిలింది. అది నాదంటే నాది. గొంతులు లేచాయి. నోటిదాకా వచ్చిన మాటను బలవంతాన ఆపుకున్నాను. అందులో ఒకత్తి కాయను చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. లోపల గలగలమంది. ఒలిచింది. రెండు గింజలు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఏడును ఇద్దరికి పంచితే ఒకటి మిగులుతుందనీ, ఆ ఒకటిని కూడా పంచుకోవచ్చనీ వాళ్లకు తెలిసిపోయింది. భాగహారం వాళ్ల పుస్తకంలోకి రావడానికి ఇంకా నాలుగేళ్లుంది.

ఆకును పళ్లెం అనుకోవడం కూడా చిన్న విషయం కాదు. మా జేజి దాన్ని గుజ్జనగూళ్లు అనేది. ఆకు పళ్లెం కాదు, కానీ ఆటలో అదే పళ్లెం. 'క' అని రాసిన గీతలూ అంతే, అవి శబ్దం కాదు గానీ శబ్దానికి బదులు నిలబడతాయి. ఒకదాని బదులు ఇంకోటి అనుకోగలగడం బొమ్మరిల్లులో అలవాటైన పిల్లకు అక్షరం కొత్త వింతగా ఉండదు.

ఇంతకీ ఎల్‌కేజీలో 'కేజీ' అంటే ఏమిటని తల్లిదండ్రుల మీటింగుల్లో అడిగేదాన్ని, ఎవరూ చెప్పేవాళ్లు కాదు. కిండర్‌గార్టెన్, జర్మన్‌లో పిల్లల తోట. ఫ్రోబెల్ అనే ఆయన 1840లో తన బడికి పెట్టుకున్న పేరు. మన అంగన్‌వాడీలో 'అంగన్' అంటే ముంగిలి. ఒకరు తోట అన్నారు, ఒకరు ముంగిలి అన్నారు. నాలుగు గీతల పుస్తకం ఎప్పుడు దూరిందో మరి.

ఇది నా ఒక్కదాని మాట కాదు. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా అంతా ఒకే పునాది దశ అంది. దానికోసం 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పాఠ్యపుస్తకాలు పెట్టొద్దనే చెప్పింది. ఆట, పాట, కథ, ఇంట్లో మాట్లాడే భాష అంది. అయినా "ఇప్పుడు రాయించకపోతే రేపు ఒకటో తరగతిలో సీటు ఇవ్వరేమో" అన్న భయం తల్లులకు ఉంటుంది. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ చూడండి. ఆ చట్టం కింద బడిలో చేర్చుకోవడానికి పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా.

ఇంగ్లీష్ గురించి మీ ఆయనకు ఒక్క మాట. ఇంట్లో మీరు ధారాళంగా మాట్లాడేదే మాట్లాడండి. "కమ్, సిట్, ఈట్" అనే నాలుగు ముక్కలకంటే తెలుగులో చెప్పే ఒక నక్క కథలో మాటలెక్కువ. ఒక భాషలో ఆలోచన నిండిన పిల్లకు రెండోది ఎక్కించుకోవడం కష్టం కాదు.

ఇక బాబు, మీ అత్తగారు. ఇక్కడ మీరు కాస్త జాగ్రత్తగా నడవాలి. "ఫోన్ పెట్టొద్దు" అన్న మాట ఆమె చెవికి "నీకు పిల్లల్ని పెంచడం రాదు" అన్నట్టు వినిపిస్తుంది. మీ ఆయన్ని పెంచినప్పుడు ఆమె దగ్గర ఫోన్ లేదు. అప్పుడేం చేసేదో అడగండి, నేర్పడానికి కాదు, తెలుసుకోవడానికి. ఆమె దోబూచి అంటుంది చూడండి. చీరకొంగు మొహం మీద కప్పుకుని తీయడం. తొమ్మిది నెలల బాబుకు అది పెద్ద పాఠం. కనబడకుండా పోయిన వస్తువు లేకుండా పోలేదని పిల్లలకు బుద్ధికి తట్టేది సరిగ్గా ఈ వయసులోనే. అందుకే మీరు గదిలోంచి లేస్తే ఏడుస్తాడు, కొంగు తీస్తే కేరింతలు కొడతాడు. రెండూ ఒక్క తెలివే.

ఫోన్‌లో రైమ్‌కూ అవ్వకూ తేడా ఒక్కటే. వాడు "బ్బ బ్బ" అంటే అవ్వ "ఏమంటివి నాయనా?" అని ఆగుతుంది. వాడు మళ్లీ అంటాడు. ఫోన్ ఆగదు, దాని పాటికది పాడుకుంటూ పోతుంది. మాట ఇచ్చిపుచ్చుకోవడంలో వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిందీ ఇదే: ఏడాదిలోపు పిల్లలకు తెర అసలు వద్దు, రెండేళ్ల నుంచి నాలుగేళ్ల దాకా రోజుకు గంటకు మించొద్దు, అంతకంటే తక్కువైతే ఇంకా మంచిది. మీ పాప వయసు పిల్లలు రోజుకు మూడు గంటలైనా మెదులుతూ ఉండాలి, పది నుంచి పదమూడు గంటలు నిద్రపోవాలి. ఊళ్లో ఉన్న మీ అక్కచెల్లెళ్లతో వీడియో కాల్ మాట్లాడించడం వేరు, అందులో అవతల జవాబిచ్చే మనిషి ఉంది.

బాబు ఏడ్చినప్పుడు ఆమె చేతికి ఫోన్ బదులు ఇంకేదో ఉండాలి కదా. ఒక చిన్న బుట్టలో స్టీలు గ్లాసు, చెక్క గరిటె, కొబ్బరిచిప్ప, ఉతికిన వెల్వెట్ ముక్క, మూత గట్టిగా బిగించిన డబ్బాలో కాసిని బియ్యం వేసి పెట్టండి. వాడు గ్లాసు కింద పడేస్తాడు, ఆమె తీసిస్తుంది, మళ్లీ పడేస్తాడు. అల్లరి కాదది, పడేస్తే ఏమవుతుందో చూస్తున్నాడు.

వాకర్ మాత్రం వద్దు. ఈ ఒక్కదాంట్లో రాజీ పడకండి. వాకర్‌తో నడక ముందు రాదు, ఇంకా ఆలస్యమవుతుంది. వేళ్ల మొనల మీద తోసుకుంటూ రెప్పపాటులో గడప దాకా, పొయ్యి దాకా పోతారు. కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకమే నిషేధం. నేల మీద చాప పరిచి వదలండి, దోగాడనివ్వండి, స్టూలు పట్టుకుని లేవనివ్వండి. మీ ఇంట్లో ఇంకో ప్రమాదం ఉంది: గుండుసూదులు, గుండీలు, ప్రెస్ బటన్లు. బాబు ఇప్పుడిప్పుడే బొటనవేలు, చూపుడువేలు కలిపి బొరుగు గింజంతది కూడా ఏరే వయసుకొస్తున్నాడు. మీ ఆ రెండు వేళ్లను సున్నాలా కలిపితే అందులోంచి దూరే వస్తువేదీ వాడికి అందకూడదు. బొమ్మల్లో వాడే బిళ్ల బ్యాటరీలు మరీ ప్రమాదం, మింగితే గంటల్లో లోపల కాలుస్తాయి. చెనిక్కాయ గింజలు బాబుకే కాదు, ఐదేళ్లు నిండేదాకా పాపకు కూడా పొడి కొట్టే పెట్టండి. నా తరగతి పిల్లలు గింజలతో ఆడారు గానీ తినలేదు, నేను పక్కనే ఉన్నాను.

పెన్సిల్ పట్టు గురించి టెన్షన్ పడొద్దన్నాను. డాక్టరుకు చూపించాల్సినవి వేరే ఉంటాయి. నాలుగేళ్లొస్తున్నా పాప మాట బయటివాళ్లకు అర్థం కాకపోయినా, నాలుగైదు మాటలు కలిపి చెప్పలేకపోయినా, తోటిపిల్లల వైపే చూడకపోయినా చూపించండి. బాబు పేరు పెట్టి పిలిస్తే తిరక్కపోయినా, ఊతం లేకుండా కూర్చోలేకపోయినా, "బబ" "దద" లాంటి శబ్దాలే చేయకపోయినా అంతే. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా ఈ పరీక్షలు ఉచితం. అంగన్‌వాడీ టీచరునో ఏఎన్‌ఎంనో అడిగితే దారి చెప్తారు.

ఇప్పుడు స్కూలు. జూన్ దాకా ఆగకండి, వచ్చేవారమే ఒక రోజు పదింటికి వెళ్లి గంటసేపు కూర్చుంటానని అడగండి. మొదట షెల్ఫు చూడండి. బొమ్మలు పిల్లలకు అందే ఎత్తులో, కాస్త మాసిపోయి, ఒకటి రెండు విరిగి ఉంటే మంచిది. పైన వరసలో పాలిథిన్ కవర్లలో మెరుస్తూ ఉంటే అవి ఫొటోల కోసం. పిల్లలందరూ ఒకేసారి ఒకే పని చేస్తూ, మైకులో పాటకు చప్పట్లు కొడుతూ ఉంటే అది డ్రిల్లు. ఆటంటే ఒక మూల ఇద్దరు ఇసుకలో, ఇంకో మూల ఒకత్తి బొమ్మకు జ్వరం చూస్తూ, ఇంకొకడు ఊరికే కిటికీ దగ్గర నిలబడి ఉండాలి. ఊరికే నిలబడ్డవాణ్ణి ఎవరూ గదమాయించకూడదు. ఒక పిల్ల ఏడ్చినప్పుడు ఎవరు వెళ్తారో, కూర్చుని మాట్లాడతారో నిలబడి మాట్లాడతారో చూడండి. బాత్రూం తలుపు గడియ పిల్లలు లోపల్నుంచి వేసుకోలేకుండా ఉందా, గేటు దగ్గర మనిషి ఉన్నాడా చూడండి. ఇరవై మంది పిల్లలకు ఒక టీచరు, ఒక ఆయా ఉండాలని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి, లెక్కపెట్టుకోండి.

ఆఖరున టీచరుని ఒక్కటడగండి: "ఈ నెలలో మా పాప కొత్తగా ఏం చేస్తోంది?" "బాగా ఆడుకుంటుందండీ" అంటే సరిపోదు. "కిందటి వారం దాకా జారుడుబండ ఎక్కేది కాదు, ఇప్పుడు వెనక ఉన్నవాళ్లను 'ఆగండి, నేను మెల్లగా పోతా' అంటోంది" లాంటిదేదో వస్తే అక్కడ ఆ కన్నేసి ఉంచే మనిషి ఉన్నట్టే. దుడ్లు నిక్షేపంగా కట్టండి. అలాంటి జవాబు రాకపోతే మార్చండి, కానీ ఆ నోట్‌బుక్కుల స్కూలుకు కాదు. ముందు మీ వీధి అంగన్‌వాడీకి వెళ్లి చూడండి. 1975 నుంచి నడుస్తున్న పథకం, పైసా ఖర్చు లేదు. అన్నీ ఒకేలా ఉండవు, అంతా టీచరును బట్టి. వేలల్లో ఫీజు తీసుకునే చోటికంటే నూరుపాళ్లు బాగా ఆడించే అంగన్‌వాడీలను నేను చూశాను.

వెళ్లేటప్పుడు వీలైతే అత్తగారిని కూడా తీసుకెళ్లండి. నాకంటే ముందు ఆమే పసిగడుతుంది. ఇద్దరూ పాత చీరలే కట్టుకోండి, నిజంగా ఆడించే చోటైతే మీకూ మట్టి అంటుతుంది.